ఆంబర్ బీరు మీద నా తీర్పు

మా ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో అందరూ చెప్పుకునేదేమిటంటే, నేను బీరు తాగి మా మరిదిని నానా మాటలూ అన్నానని. అన్న మాట నిజమే. కానీ తాగి అనలేదు, అన్నాక తాగాను. ఈ వరుస తారుమారు చేసి చెప్పేవాళ్ళలో మా ఆయనే ముందుంటారు.

మరిది వర్క్‌షాపులో రిటైరవుతున్నాడు. పార్టీలో పోయడానికి చవకలో ఆంబర్ లాగర్ అనే ఒక రకం బీరు చూసుకున్నాడు. రుచి చూసి ఖాయం చేద్దామని ఒక ఆదివారం మధ్యాహ్నం ఆరు సీసాలతో మా క్వార్టర్‌కి వచ్చాడు. న్యాయనిర్ణేతలు అతను, మా ఆయన, పక్కింటి బెంగాలీ దాదా. పకోడీలు వేసే పని నాది.

ముగ్గురూ గ్లాసులు వెలుతురుకెత్తి, బేరింగులో అరుగుదల వెతుకుతున్నట్టు చూశారు.

"రంగు సూసినావా అన్నయ్యా? తేనె!" అన్నాడు మరిది.

పళ్ళెం పెట్టడానికి వంగితే నాకు వాసన తగిలింది. "తడిసిన అట్టపెట్టె వాసనొస్తంది. ఇది మాత్రం పొయ్యకు" అన్నాను.

"తాగకుండానే సెప్పేస్తన్నావేటి వదినా?"

"దేవుడికి పెట్టేది ఎంగిలి సెయ్యకుండా ముక్కుతోనే గదా సూసి వండుతాను? ఇన్నేళ్ళు తిన్నావు, ఉప్పు తక్కువని ఒక్కపాలైనా అన్నావా? పులుసుకీ సారుకీ తేడా తెలీని నాలిక నీది. నువ్వు బీరుకి జడ్జీవా?"

"ముందు పొయ్యి సూడవే, పకోడీ మాడతంది" అన్నారు మా ఆయన.

దాదా మాత్రం ఒక గ్లాసు నావైపు జరిపి, "బౌదీ, ఏక్‌బార్ చేఖే దేఖూన్" అన్నారు.

రుచి చూడమన్నారు, చూశాను. రెండు గుక్కలు. సరుకుని అన్యాయంగా తిట్టను. ముందు వేయించిన బార్లీ, వెనకే కాస్త మాడిన బెల్లప్పాకం, అంతవరకూ బాగానే ఉంది. మింగాక ఆ తీపి నాలుకని జిగురులా పట్టుకుంది. దాన్ని కడిగే చేదు లేదు. చల్లదనం తగ్గేకొద్దీ అట్ట వాసన పైకి తేలింది.

"ఐసులో ఉన్నంతసేపే ఇది బీరు. అంతమందికి ఐసు ఎక్కడ తెస్తావు?" అన్నాను.

"ఆడోళ్ళకి ఇయ్యన్నీ తెలవ్వు వదినా" అంటూ మరిది నాలుగో గ్లాసు పోసుకున్నాడు.

పార్టీలో అదే పోశాడు. షామియానా కింద ఒకటే ఉక్క. కుర్చీల కింద సగం తాగి వదిలేసిన గ్లాసులు. మరిది చేతిలో మాత్రం నిమ్మకాయ సోడా. అదేమిటయ్యా అంటే, "సుగరు వదినా, డాక్టరు వద్దన్నాడు" అన్నాడు.

నాకింకా తెలియాల్సింది ఒకటుంది. ఆ షుగరు అతనికి పార్టీకి ముందే ఉందా, లేక మొదటి గుక్క వెచ్చగా గొంతు దిగాక వచ్చిందా?