తెర ముందు మా ముత్తవ్వ

మా ముత్తవ్వ, అంటే నాయనమ్మ తల్లి, నాటకాల కంపెనీలో పేరున్న గాయని. పేరైతే ఉంది గాని, నాటకంలో మాత్రం ఆవిడ ఎప్పుడూ లేదు. రబ్బరు తోటల వెంట తిరిగే ఆ మలయ్ కంపెనీవాళ్ళు తెర వెనక రాజభవనం సెట్టు పీకి అడవి సెట్టు పాతేలోగా, మూసిన తెర ముందు నిలబడి తెలుగు పాట పాడడం ఆవిడ ఉద్యోగం. దాన్ని ‘ఎక్స్‌ట్రా టర్న్’ అనేవారు. అడవి సిద్ధమయ్యాక లోపల్నుంచి చెక్క మీద టకటకా కొడతారు. అంతదాకా రాగం సాగాలి. మేకు వంకర పోయిన రోజున ఆలాపన అమోఘంగా ఉండేదట. మా వంశ సంగీతమంతా అలా వడ్రంగుల చలవే. నా దాకా వచ్చేసరికి గొంతు పోయి సాగదీయడం ఒక్కటే మిగిలింది. అందుకే రచయితనయ్యాను.

ఇవన్నీ ముత్తవ్వ చేతుల్లో పెరిగిన మా మేనత్త చెప్పిన సంగతులు. అత్తకిప్పుడు ఎనభై దాటాయి.

ఈమధ్య మా ఊరు సుంగై పెటానిలో మా తెలుగు సంఘం పూర్వీకుల ఫోటోల ప్రదర్శన పెట్టింది. కార్యదర్శి మా పెదనాన్న, అత్తకు సొంత తమ్ముడు. ముత్తవ్వ ఫోటో కింద ‘ప్రముఖ భక్తి గాయని’ అని రాయమన్నాడు. ఫోటోలో ముత్తవ్వకు పెదాలకు రంగు, చేతిలో ఈకల విసనకర్ర, కాళ్ళకు ఎత్తు మడమల బూట్లు. భక్తి ఏ దేవుడి మీదో అంతుబట్టలేదు. అయినా రాశాను. సంఘంలో భోజనాలు బాగుంటాయి.

ప్రదర్శన రోజు అత్త ఆ బోర్డు చూసింది.

“ఒరే, అమ్మమ్మ స్టేజీ ఎక్కి పాడినాది. కోవిల్లో భజన సేసినాదని ఎవడు సెప్పినాడు?”

“మెల్లగా అప్పా! నా మనవరాలికి సంబంధాలు సూస్తన్నాం గదా. ఆటకత్తె వంశం అంటారు.”

“ఆ ఆటకత్తె పాడి తెస్తేనే మన అమ్మ తిన్నాది. నాను సచ్చేలోగా ఆ మాట మైకులో సెప్పు. అది సాలు నాకు.”

పెదనాన్న చెప్పనన్నాడు. అత్త వెళ్ళి ముందు వరసలో మూతి బిగించుకుని కూర్చుంది.

ముఖ్య అతిథి వైబీగారు, అంటే మా ఎమ్మెల్యేగారు, దారిలో ఉన్నారని ప్రకటించారు. ఏ దారిలోనో చెప్పలేదు. పిల్లలు ఆడిన డాన్సే మళ్ళీ ఆడారు. పెదనాన్న ప్రసంగించాడు, సగం హాలు ఖాళీ అయింది. మిగతా సగం బిర్యానీ వాసన వైపు జరుగుతోంది. అతిథి రాకముందే విస్తళ్ళు లేస్తే కార్యదర్శి పరువు లేచిపోయినట్టే.

ఆయన వంగి అత్త చెవిలో అన్నాడు: “అప్పా, తెర ముందు నిలబడి ఓ పాట పాడవే.”

“నానేటి, భక్తి గాయని మనవరాల్ని. తెర ముందు పాడతానేటి?”

పెదనాన్న గుమ్మం వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. ఆయన మైకు అందుకుని ఏదో గొణిగాడు.

“ఇనబడలేదురా!” అంది అత్త.

“మా అమ్మమ్మ స్టేజీ గాయని! పాడి మా అమ్మని పెంచినాది!”

వెనక ఎవరో ఈల వేశారు. బిర్యానీ వైపు వెళ్ళినవాళ్ళు వెనక్కి తిరిగారు.

అత్త మూసిన తెర ముందు నిలబడి పాట ఎత్తుకుంది. గొంతు జీరబోయింది గాని, సాగదీత మాత్రం అచ్చం మా ఇంటిదే. అంతలో కారు తలుపు చప్పుడైంది. పెదనాన్న చెక్క బల్ల మీద టకటకా కొట్టాడు. అత్త వినిపించుకోలేదు. ముత్తవ్వకు ఎన్నడూ దక్కని చరణాలన్నీ ఒక్కొక్కటే అందుకుంది.

మెడలో దండతో వైబీగారు గుమ్మంలోనే నిలబడ్డారు, పాట అయ్యేదాకా.