పదేళ్లకు పైగా ఎరిగిన మనిషి

ఇరవై మూడు దేశాల మంత్రులకు సలహాలు చెప్పిన మనిషిని పోర్ట్ బ్లెయిర్ ఓడ టికెట్ల కౌంటర్లో గుమాస్తా ఒక్క ముక్కతో పక్కకు నెట్టేశాడు. "ఐలాండర్ కార్డ్ హై క్యా?" అన్నాడు, తలైనా ఎత్తకుండా. ఇక్కడి వాళ్లకి తక్కువ ఛార్జీకి టికెట్టిచ్చే ఆ కార్డు తనకి లేదంది పద్మిని. "తో ఉధర్," అని పక్క లైను చూపించాడు. ఆ లైనంతా టోపీలూ, నల్లకళ్లద్దాలూ, సెల్ఫీలూ. హార్బర్ అవతలి బాంబూఫ్లాట్‌లో పుట్టి, ఈ నీళ్లలోనే ఈత నేర్చిన అరవై మూడేళ్ల పద్మిని వాళ్ల వెనకాల నిలబడింది. ముందున్న కొత్త పెళ్లికూతురు వెనక్కి తిరిగి, "ఆంటీ, మీరూ మొదటిసారేనా అండమాన్ రావడం?" అని హిందీలో ముద్దుగా అడిగింది. అంతే, పద్మినికి ఒళ్లు మండిపోయింది. టికెట్టూ వద్దు, ప్రయాణమూ వద్దని లైనులోంచి బయటికి వచ్చేసింది.

మర్నాడే కార్డు ఆఫీసుకి వెళ్లింది. అక్కడ యుగంధర్ అని ఒక గుమాస్తా, నెమ్మదైన మనిషి. "మీకెందుకు మేడమ్ ఈ తిప్పలు? టికెట్టు కాస్త ఎక్కువైతే మీకు లెక్కా?" అన్నాడు. నిజమే, పద్మినికి వచ్చే పెన్షనుతో రోజూ టూరిస్టు ఓడెక్కినా తరగదు. ఆ సంగతి ఆమెకి తెలియక కాదు. "టికెట్టు కోసం కాదు బాబూ. నేను ఇక్కడిదాన్ని," అంది.

"అయితే ఋజువు?"

ఋజువు! పద్మిని తండ్రి గణేశ్వరరావు హార్బర్ ఫెర్రీ మీద సారంగు. బోటు నడిపే సారంగుకి సర్కారు క్వార్టరే గాని సొంతిల్లు ఎక్కడిది? ఆయన రిటైరవగానే ఆలుమగలిద్దరూ కొడుకు గోపినాథ్ దగ్గరికి విశాఖపట్నం వెళ్లిపోయారు, అక్కడే కాలం చేశారు. క్వార్టర్లు పడగొట్టి ఏదో గోడౌను కట్టారు. స్కూలు రిజిస్టర్లు చెదలు తినేశాయట. పుట్టిన ఊళ్లో పద్మిని పుట్టినట్టు ఒక్క కాగితం ముక్క మిగల్లేదు.

యుగంధర్ జాలిపడి ఫారం వెనక్కి తిప్పాడు. "ఇదిగో మేడమ్, ఇది ఒక్కటి నింపించండి. పదేళ్లకు పైగా మిమ్మల్ని ఎరిగిన ఇక్కడి మనిషి ఎవరైనా ఒకరు సంతకం పెడితే చాలు."

చాలట! ఆ 'చాలు' ఎంత బరువో ఆ అబ్బాయికి తెలియదు పాపం. పద్మినికి మాత్రం తెలిసింది. ఎందుకంటే అలాంటి నిబంధన ఒకప్పుడు ఆమే రాసింది.

అదెక్కడో పసిఫిక్‌లో చిన్న ద్వీపదేశం, పేరెందుకులెండి. ఆ దేశపు పడవల ఛార్జీల మీద సర్కారు రాయితీ ఖజానాని తినేస్తోందని, ఎవరికివ్వాలో ఎవరికి మానాలో తేల్చమని పద్మినిని పిలిచారు. ఆమె పని అంతా అదే. బియ్యం మీద రాయితీ, డీజిలు మీద రాయితీ, ఎరువుల బోర్డులు, రేషన్ జాబితాలు. ఎక్కడ చిల్లుంటే అక్కడికి పోయి, చూసి, రాసి, మంత్రిగారి ముందు పెట్టి, విమానం ఎక్కెయ్యాలి. మంచి పేరే తెచ్చుకుంది. ఆమె మాట విని బాగుపడిన దేశాలున్నాయి, అందులో అబద్ధం లేదు. కాగితాల్లేని వాళ్లకి పొరుగువాళ్ల సాక్ష్యం చాలునని ఆ ద్వీపంలో ఆమె రాసిన మాట కూడా మంచి మనసుతో రాసిందే. ఊరి సభలో ఒక ముసలావిడ లేచి, "నన్ను ఎరిగినోళ్లు అందరూ పోతే?" అని అడిగితే, దుబాసీ ఆ మాట ఇంగ్లీషులో చెప్పాడు. అలాంటివాళ్లు నూటికి ఇద్దరు కూడా ఉండరని పద్మిని జవాబిచ్చింది. లెక్క సరైనదే. ఆ ఇద్దరిలో తనొకతె అవుతుందని ఎవరనుకున్నారు?

అయినా ఆ బతుకు ఎలాంటి బతుకంటే, ఏ దేశమైనా ఆరు నెలలు, మహా అయితే రెండేళ్లు. ప్రతి భాషలోనూ 'థాంక్యూ' అనడం నేర్చుకుంది, రెండో మాట నేర్చుకునేలోపు బదిలీ. హోటలు గదిలో కెటిల్లో ఉప్మా రవ్వ ఉడికించుకుని, కిటికీ దగ్గర నిలబడి తినేది. పెళ్లి మాట రెండుమూడు సార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా ఏదో ఒక దేశం మునిగిపోతూ ఉండేది, ఆమె వెళ్లి తేల్చాలి. కొత్త పోస్టింగుకి వెళ్లినప్పుడల్లా ఆఫీసు వాళ్లు ఒక కాగితం ఇచ్చేవారు, ఆపదొస్తే ఎవరికి ఫోను చెయ్యాలి అని. అమ్మ ఉన్నంతకాలం అమ్మ నంబరు రాసింది. అమ్మ పోయాక గోపినాథ్‌ది రాసింది. వాడు ఒకసారి, "అక్కా, అర్ధరాత్రి ఎవరో ఇంగ్లీషులో ఫోను చేస్తే మా ఆవిడ హడలి చస్తోంది," అని విసుక్కుంటే, ఆ గళ్లో తన ఆఫీసు నంబరే రాసేసింది. పదకొండేళ్లపాటు పద్మినికి ఆపదొస్తే పద్మిని ఆఫీసుకే ఫోను వెళ్లేటట్టు ఉండేది. ఎవరూ గమనించలేదు కూడా.

రిటైరయ్యాక ఎక్కడికి పోవాలి? ఇరవై మూడు దేశాల్లో ఒక్కటీ తనది కాదు. చివరికి పోర్ట్ బ్లెయిర్ శివారు బ్రూక్షాబాద్‌లో రెండు గదుల ఇల్లు తీసుకుంది. వచ్చి ఎనిమిది నెలలైంది. పొద్దున్నే లేస్తుంది, కాఫీ తాగుతుంది, పేపరు వచ్చే విమానం ఆలస్యమైతే నిన్నటి పేపరే మళ్లీ చదువుతుంది. కూరగాయల వాడితో తప్ప మాట్లాడని రోజులు వారానికి నాలుగైనా ఉంటాయి. ఒంటరితనం అంటే ఏమిటని అడిగితే, గొంతు సవరించుకుని మాట్లాడవలసి రావడం అని పద్మిని చెప్పగలదు.

ఫారం పట్టుకుని ముందు పక్కింటి రామ్‌ప్రసాద్ దగ్గరికే వెళ్లింది. పీడబ్ల్యూడీలో రిటైరైన మనిషి, మంచివాడు, ఇంట్లో పండిన బొప్పాయి సగం కోసి పంపుతుంటాడు. "అరే దీదీ, ఇందులో ఏముంది? పదేళ్లని రాసి పడేస్తాను, ఎవరు చూడొచ్చారు?" అని జేబులోంచి పెన్ను తీశాడు. పెన్ను కాగితానికి ఆనబోతుండగా పద్మిని ఫారం లాగేసుకుంది. దొంగ లెక్కలు రాసిన గుమాస్తాలను దేశదేశాల్లో నిలదీసిన మనిషి, తన గురించి దొంగ లెక్క రాయనిస్తుందా? "ఎనిమిది నెలలే కదా భయ్యా," అంది. రామ్‌ప్రసాద్ నొచ్చుకున్నాడు. ఆ తర్వాత బొప్పాయి రాలేదు.

ఆ సాయంత్రం కూర్చుని తనని పదేళ్లు ఎరిగిన వాళ్లెవరా అని ఆలోచించింది. కూడా పనిచేసినవాళ్లు చాలామంది ఉన్నారు, కాని రెండేళ్లు, మూడేళ్లు, అంతే. ఈ ద్వీపాల్లో ఎవరు? అప్పుడు గుర్తొచ్చింది సరోజిని.

సరోజినీ, పద్మినీ ఒకే ఏడాది, మూడు క్వార్టర్ల అవతల ఒకరూ ఇవతల ఒకరూ పుట్టారు. గణేశ్వరరావు నడిపే ఫెర్రీ మీదే రోజూ హార్బర్ దాటి పోర్ట్ బ్లెయిర్ స్కూలుకి వెళ్లేవారు. ఢిల్లీలో చదువుకోడానికి పద్మిని ఓడెక్కిన రోజున సరోజిని జెట్టీ చివరిదాకా పరుగెత్తింది. తర్వాత ఉత్తరాలు రాసింది. మొదటి నాలుగింటికి పద్మిని జవాబిచ్చింది. అయిదోది ఎక్కడో ఫైళ్లలో కలిసిపోయింది. ఆ తర్వాత వచ్చినవి ఎన్నో ఆమెకి తెలియదు.

మర్నాడు ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్‌లో దిగింది. జెట్టీ దగ్గర చేపలమ్మే సీతాలు అనే ఆవిడని అడిగింది, "సరోజిని ఇల్లెక్కడమ్మా?"

"ఏ సరోజిని దీదీ? ఇక్కడ ముగ్గురున్నారు."

పద్మిని తడబడింది. సరోజిని ఏం పని చేస్తుందో, ఎవరిని చేసుకుందో, ఏ ఇంటిపేరుతో ఉందో తెలిస్తే కదా! "నూకయ్య గారి కూతురు," అంది చివరికి.

"నూకయ్యా? ఆ తాత పోయి ఇరవయ్యేళ్లు దాటింది. ఆ పేరుతో ఎవుళికి తెలుస్తాది?" అని సీతాలు కాసేపు ఆలోచించి, "ఓహో, అంగన్‌వాడీ దీదీ! అలా సెప్పాల గాని," అని దారి చూపించింది.

సరోజిని పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని కవళ్ల చేపలు బాగుచేస్తోంది. జుట్టంతా తెల్లబడింది, ఒళ్లు వచ్చింది. పద్మిని గేటు దగ్గరే ఆగిపోయింది, తనెవరో ఎలా చెప్పాలా అని. సరోజిని తలెత్తి చూసింది. "పొలుసుందే పద్దూ, జారిపోతావు. సూసి అడుగెయ్యి," అంది.

నలభై అయిదేళ్ల తర్వాత మొదటి మాట అది. లోకంలో ఆమెని 'పద్దూ' అనేవాళ్లు ఇంకా ఒకరున్నారన్నమాట.

అన్నం పెట్టింది. కవళ్ల పులుసు, వేడి వేడి అన్నం. పద్మిని తింటూ ఎదురుగా గోడ మీద దండ వేసిన ఫొటో చూసింది. "మీ ఆయనా?" అంది.

"ఊఁ. మణికుమార్. పేరైనా తెలీదు కదూ నీకు? సునామీ వొచ్చిన ఏడాది హట్ బేకి పనికి ఎల్లాడు. మరి రాలేదు."

పద్మిని చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ అల మీద ఆమె రెండు రిపోర్టులు రాసింది, వేరే దేశం కోసం. ఎన్ని పడవలు పోయాయో, ఎన్ని ఇళ్లు మళ్లీ కట్టాలో పేజీలకి పేజీలు. తనవాళ్ల సంగతి గోపినాథ్‌ని ఒక్క మెయిల్లో అడిగింది, మనవాళ్లంతా బాగేనా అని. బాగే అన్నాడు వాడు. సరోజిని గురించి అడగాలని తోచలేదు. ఎందుకు తోచలేదో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో తల వాలిపోయింది.

"తిను తిను, సల్లారిపోతాది," అంది సరోజిని. చెయ్యి కడుక్కున్నాక తనే చెయ్యి చాపింది. "ఆ కాగితమేటో ఇయ్యి మరి."

"నీకెలా తెలుసు?"

"ముప్పయ్యేళ్లు అంగన్‌వాడీలో సేసినాను. బ్యాగు తగిలించుకుని నా ఇంటికొచ్చినోళ్లు ఎవరైనా సంతకానికే వొస్తారు." నవ్వింది, కళ్లజోడు పెట్టుకుంది, ఫారం చదివింది. "ఎన్నేళ్లుగా ఎరుగుదురు, అని ఉంది."

"పద్దెనిమిది అని రాయి," అంది పద్మిని. "పదికి పైనే కదా, సరిపోతుంది."

సరోజిని రాసింది. పద్మిని తొంగి చూసింది. అరవై మూడు అని ఉంది.

"తప్పు సరోజా. నేను పద్దెనిమిదో ఏట వెళ్లిపోయాను. ఆఫీసులో అడిగితే..."

"అడగనీ. నువ్వు ఎల్లిపోనావు, నేను మానీసినానా?" సరోజిని పెన్ను ఆపింది. "నీకు ఏదో దేశంలో కడుపు ఆపరేషనైందని గోపినాథ్ ఫోన్లో సెప్తే పైడితల్లమ్మకి మొక్కుకున్నాను. నువ్వు జుట్టు కత్తిరించుకున్నావని తెలుసు. పెద్ద సభలో మాట్లాడుతున్న వీడియో మా అమ్మాయి మంజు ఫోన్‌లో సూపించింది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! అయినా మూడుసార్లు సూసినాను. మాట్లాడతా మాట్లాడతా ఎడం చెవి పట్టుకున్నావు, సిన్నప్పుడు లెక్కలు సేసేటప్పుడు పట్టుకున్నట్టే. ఈ ఊళ్లోకి వొచ్చి ఎనిమిది నెల్లయిందనీ తెలుసు. వొస్తావులే అనుకున్నాను. అరవై మూడేళ్లూ నిన్ను ఎరుగుదునే. నేను రాసింది దొంగ లెక్క కాదు."

సంతకం పెట్టేసింది. తిన్నగా, గుండ్రంగా, పిల్లలకి అక్షరాలు దిద్దించే చెయ్యి కదా. పద్మిని వచ్చిన పని అయిపోయింది. ఆమె కోరుకున్నది అదే, ఇక్కడిదానివని ఇక్కడి మనిషి ఒకరు చెప్పడం. చెప్పింది. అయినా మనసు తేలికపడలేదు సరికదా, రాయి పెట్టినట్టయింది. ఏదో ఒకటి తిరిగి ఇవ్వాలనిపించింది ఆమెకి, ఏమీ లేని మనిషికి అనిపించినట్టు.

"సరోజా, నీకెప్పుడైనా ఇలాంటి కాగితం కావలసొస్తే నన్ను పిలువు. నేను పెడతాను సంతకం."

సరోజిని కళ్లజోడు తీసి ఆమెని చూసింది. వేళాకోళం కాదు, నిజంగానే అడిగింది. "నా గురించి ఏటి రాస్తావే?"

పద్మిని నోరు తెరిచింది. నూకయ్య కూతురు. ఫెర్రీలో కిటికీ పక్కనే కూర్చునేది. మామిడికాయ అంటే ప్రాణం. ఆ తర్వాత? మంజు కాక పిల్లలింకెవరైనా ఉన్నారా, ఆ అల తర్వాత ఎలా బతికింది, ఏ జబ్బుంది, రాత్రిళ్లు నిద్రపడుతుందా? వెతికి వెతికి చూసింది. ఏ దేశం గురించి అడిగినా తడుముకోకుండా చెప్పిన మనిషి.

"ఏమీ తెలీదు," అంది.

"పరవాలేదులే పద్దూ," అంది సరోజిని. "నాకలాంటి కాగితం అక్కర్లేదు. ఈ వీధిలో అందరూ నన్ను ఎరిగినోళ్లే."

కోపంగా అని ఉంటే పద్మిని ఏడ్చి ఉండేది. సరోజిని మామూలుగా అంది. అని, ఎంగిలి కంచాలు రెండూ తీసుకుని లోపలికి వెళ్లింది.