బస్తా మీద రాయని సంగతి

ఇవాళ ఏ.ఎస్. రావు నగర్ నర్సరీలో మాగిన పశువుల పెంట ఎరువు సంచి విప్పగానే ఆ తడిమట్టి వాసన తగిలింది. ఆకుకూర మడుల్లో ఆడుకుంటూ పెరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. యాప్రాల్‌లో మా పాలకూర మడిలో విత్తే ముందు నానమ్మ గుప్పెడు తడిమట్టి తీసి వాసన చూసేది. "మట్టి పానం మంచిగున్నది" అనేది.

మా ఇంట్లో చదువు వచ్చింది నాకొక్కదానికే. నాలుగో తరగతిలో యూరియా బస్తా మీది అక్షరాలు కూడబలుక్కుని చదివాను. నాన్న మురిసిపోయి, ఇక యూరియా ఒక్కటే చాలనుకుని ఆ ఏడే పెంట తోలడం మానేశాడు.

"గా తెల్ల గుండ్లల్ల పానమేడున్నదిరా?" అని నాన్నను అడిగింది నానమ్మ.

"నీకేం తెల్వదు నానమ్మా, బస్తా మీద రాసున్నది" అన్నాను.

మట్టిలోని సూక్ష్మజీవులకు ఆ పెంటే తిండి అనీ, ఆ వాసన వాటిదేననీ డిగ్రీలో చదివాను. ఇన్నేళ్లూ ఉత్త యూరియా వేసి వాటిని పస్తులుంచాం.

నర్సరీ నుంచి నేరుగా మడికి వెళ్లి, మట్టి మీద నీళ్లు చల్లి వాసన చూశాను. ఏమీ లేదు. యూరియా ఆపి పెంట తోలుదామని నాన్నతో ఎంత చెప్పినా వినడు.

"గప్పుడు నువ్వే గద బిడ్డా, సదివి చెప్పినవ్" అంటాడు.