తక్కువ తిరిగిన బండి

గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెలగబెడుతున్న ఆ రోజుల్లో, లోకంలో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఆ జ్ఞానమంతా తర్వాత ఎటు పోయిందో గానీ, అప్పట్లో మీటరు చూసి కారు జాతకం చెప్పేసేవాణ్ణి. అలాగే మీటరు చూసి ఒక సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు మీద మనసు పారేసుకున్నాను. ఎర్రటిది, ఎంత పొట్టిదంటే పక్కన వెళ్ళే ఆటో కూడా దాన్ని వంగి చూసేది. పదకొండేళ్ళ బండి, తిరిగింది మాత్రం తొమ్మిది వేల కిలోమీటర్లే! "బహుత్ కమ్ చలీ హై సాబ్" అంటూ అమ్మేవాడు గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ చెయ్యి తలచుకుంటే నాకు ఇప్పటికీ రక్తం మరుగుతుంది.

నేనేమన్నా అమాయకుణ్ణా? ఫరీదాబాద్‌లో పేరున్న మెకానిక్‌కి చూపించాను. బండి గేటు దాటిందో లేదో, ఆయన చేతులు చాచి "ఆ గయీ మేరీ బిటియా!" అని బానెట్ నిమిరాడు. పరాయి కారును కన్నకూతురిలా చూసే ఆ సంస్కారానికి నా కళ్ళు చెమర్చాయి. ఇంజన్ ఎలా ఉంది భయ్యా అంటే, "ఏక్‌దమ్ నయా! అభీ తో డాలా హై" అన్నాడు. (కొత్తది అన్న మొదటి ముక్కకే కరిగిపోయిన నాకు, మొన్ననే వేశాం అన్న రెండో ముక్క వినపడలేదు. ఆ వారమే కొనేశాను.)

ఢిల్లీ ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టర్స్‌లో ఉండే మా బాబాయి ఆ నెలాఖరుకే రిటైరవుతున్నాడు. "ఒరేయ్, అది అంత తక్కువ ఎందుకు తిరిగిందో కనుక్కున్నావట్రా?" అన్నాడు.

"ఫైళ్ళ సంగతి మీరు చూసుకోండి బాబాయ్, కార్ల సంగతి నాకొదిలేయండి. ముప్పయ్యేళ్ళు టిఫిన్ డబ్బా ఊపుకుంటూ నడిచారు. ఆఖరి రోజు మిమ్మల్ని ఇందులో దర్జాగా ఇంటికి తెస్తా" అని మాటిచ్చేశాను. పిన్ని ఆ వార్తను మూడు బ్లాకులకు చాటింది.

ఆ రోజు రానే వచ్చింది. మెడనిండా దండలతో బాబాయి ఎక్కాడు. ఆఫీసు గేటు దగ్గర సెక్షనంతా చప్పట్లు. నేను స్టార్ట్ చేశాను. బండి ఒకసారి గొంతు సవరించుకుని, ఉపన్యాసం మానుకుంది. పది ప్రయత్నాల తర్వాత పొగ మాత్రం ధారాళంగా ఇచ్చింది. అప్పుడు బోధపడింది, అది తిరగలేక తిరగని బండి అని! ఆ బిటియా ఎప్పుడూ పుట్టింట్లోనే పడుండేదన్నమాట, ఫరీదాబాద్‌లో!

చివరికి డజనుమంది గుమాస్తాలు చొక్కాల చేతులు మడిచి, "జోర్ లగాకే!" అంటూ ఇంటిదాకా తోశారు. అమ్మినవాడి వంశాన్ని ఏడు తరాల వరకు తిడుతూ, బాబాయి ముఖం చూసే ధైర్యం లేక నేను స్టీరింగ్‌నే చూస్తూ కూర్చున్నాను. ఆయన జీవితంలో ఒకే ఒక్క దర్జా, నా చేతులారా పాడుచేశాను.

బాబాయి వెనక్కి తిరిగి చూశాడు. "ఒరేయ్, మా సెక్షనంతా కలిసి ఒకదాన్ని ముందుకు కదిలించడం నా సర్వీసులో ఇదే మొదటిసారి. హారన్ కొట్టరా!" అన్నాడు. కొట్టాను. అదొక్కటీ పనిచేసింది.

అమ్మినవాడి మీద కోపం నాకింకా చల్లారలేదు. కానీ వెనక అంతమంది చెమటోడుస్తుంటే, స్టీరింగ్ పట్టుకుని నల్లకళ్ళద్దాలు తియ్యకుండా, బాల్కనీల్లోంచి చూసేవాళ్ళ కోసం గేర్లు మారుస్తున్నట్టు నటించిన ఆ కుర్రాడున్నాడే, వాణ్ణి మాత్రం ఎంత ప్రయత్నించినా తిట్టలేకపోతున్నాను.