పుట్టకుండా ఆగిన పన్ను

మా పిండశాస్త్రం మేడమ్ ఈ నెల మొదట్లో యాప్రాల్‌లోని తన ఇంట్లో కన్నుమూశారు. పొద్దున్నే ఏ.ఎస్. రావు నగర్‌లో కాలేజీకి వెళ్ళే బస్సు కోసం నిలబడి ఉంటే వాళ్ళ తమ్ముడు ఫోన్ చేశాడు. వచ్చిన బస్సు ఎక్కకుండా అక్కడే ఉండిపోయాను.

సికింద్రాబాద్‌లోని మా కాలేజీలో ఆమె ఉద్యోగకాలమంతా ఎలుక పిండాల దవడలను మైక్రోస్కోప్‌లో చూస్తూ గడిపారు. ఆమెకో పద్ధతి ఉండేది. ఒకే స్లైడును ఆమె, నేను విడివిడిగా చూసి, ఒకరిది ఒకరికి చూపించకుండా బొమ్మ గీయాలి. తర్వాత పక్కపక్కన పెట్టుకోవాలి. రెండూ అచ్చు ఒకేలా ఉంటే ఆమెకు అనుమానం. "లొల్లి కాలేదంటే సరిగ్గ చూడలేదన్నట్టే. మళ్ళ కూసో" అనేవారు. నేనెంత విసుక్కున్నా ఆవిడకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

నేను గీసిన మొదటి బొమ్మ చూసి ఫక్కున నవ్వారు. ఎలుకకు ముందు కొరికే పళ్ళు, వెనక నమిలే పళ్ళు, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో కనిపించిన చిన్న మొగ్గను పట్టుకుని, మొదటి నమిలే పన్ను అని రాసేశాను.

"అది వచ్చే పన్ను గాదమ్మా. దీని తాతముత్తాతలకు ఆడ పళ్ళుండె. ఇప్పటికీ పిండంల మొగ్గ షురూ అయితది, మధ్యల ఆగిపోతది. ఆ ఆపుడు తప్పితే ఇయ్యాల సుత ఆడ పన్ను మొలుస్తది."

"అయితే పరిణామం అంటే కొత్తవి రావడమొక్కటే కాదా మేడమ్?"

"ఆపుడు సుత దాని పనే బిడ్డా."

చివరిసారి ఓ ఆదివారం వాళ్ళింటికి స్లైడు ఫొటో ఒకటి పట్టుకెళ్ళాను. మంచం దిగలేని స్థితిలోనూ, దాని మీదే కూర్చుని గీశారు. ఆ ఖాళీలో నేను ఒక మొగ్గ గీశాను, ఆమె రెండు గీశారు. చూపు ఆనడం లేదేమో అనుకుని గట్టిగానే వాదించాను. ఆమె ముఖం ఎంత వెలిగిందో!

"ఫొటో వద్దు, స్లైడ్ మీద జెర మళ్ళ చూడు. చూసి నాకు చెప్పు."

మర్నాడు చూద్దామని కాలేజీకి బయల్దేరినప్పుడే ఆ ఫోన్ వచ్చింది.

కర్మలన్నీ అయ్యాక ల్యాబ్‌కి వెళ్ళాను. ఎవరూ లేరు. స్లైడు పెట్టి మెల్లగా ఫోకస్ తిప్పాను. రెండో మొగ్గ ఉంది. ఆమె గీసిందే నిజం. ఓడిపోయానని చెప్పుకోవడానికి మనిషి లేకపోవడం ఇంత ఒంటరితనమని నాకు తెలియదు. "రెండే మేడమ్" అని పైకే అన్నాను. బయట మౌలాలి వైపు రైలు వెళుతోంది. మైక్రోస్కోప్ లైటు ఆర్పబుద్ధి కాక, సగంలో ఆగిన ఆ చిన్న మొగ్గను చూస్తూ కూర్చున్నాను.