రాణి నిద్రపోయిన ఆట

పెద్ద యుద్ధం ముగిసిన కొత్తల్లో రంగూన్‌లో మా నాటకాలకు రాణి వేషం కట్టినవాడు అహ్లోన్ బియ్యం మిల్లులో బస్తాలు మోసే మనిషి. ఎంత అలసివచ్చినా "ఏటీ పర్లేదు, ఆడేత్తాను" అనేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఊళ్లోని మనవాళ్లందరినీ పిలిచి మిల్లు ఆవరణలో ఆట కట్టాం. ముందు రెండు రోజులూ అతడు ఓడకు బస్తాలెత్తుతూనే ఉన్నాడు. అడవి ఘట్టంలో రాణి, రాజు తొడమీద తలపెట్టి నిద్ర నటించాలి. అతడు నిజంగానే నిద్రపోయాడు.

రాజు వేషగాడు కంగారుగా తట్టబోతే, ముందు వరసలోని ముసలి కూలీ చెయ్యెత్తి, "లేపకురా, తొంగోనీ" అన్నాడు. జనం కదల్లేదు. హార్మోనియం మీద నేను రాగం సాగదీస్తూ కూర్చున్నాను. ఎండ వేదిక దాటిపోయింది.

చివరికి కళ్లు తెరిచి, "ఎంతసేపయినాది?" అని నన్ను గుసగుసగా అడిగాడు.

"ఇప్పుడే కదా" అన్నాను.

నమ్మి, కొంగు సర్దుకుని పద్యం అందుకున్నాడు.