నా మీద కౌంటర్ కేసు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను పుంగనూరులోని ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. ఎక్కడో ఒక స్కూలు వాచ్‌మన్ చెడ్డపని చేశాడని తల్లిదండ్రులు భయపడుతున్నారట. నెలాఖరులోగా తమ మీద కేసులేవీ లేవని పోలీసుల సర్టిఫికెట్ తేనివాళ్లు ఇక రానక్కర్లేదని మా కరస్పాండెంటు స్టాఫ్‌రూములో చెప్పాడు. తక్కినవాళ్లు గొణిగారు. నేను మాత్రం సరేనన్నాను. పిల్లల మధ్య తిరిగేవాళ్ల పూర్వాపరాలు చూడాలని అంతకుముందు రెండుసార్లు రాసిచ్చింది నేనే. ఆయన ఒక్కదానికీ జవాబివ్వలేదు.

మా కాపురం మదనపల్లెలో. విచారణకు వచ్చిన కానిస్టేబుల్ మా తలుపు తట్టకుండా ఎదురంగడిలో నా గురించి అడిగాడు.

"మంచోడే సార్. కంప్లయింట్లు రాసేది జాస్తి," అన్నాడు అంగడాయన.

కిటికీలోంచి విన్నాను. ఆ తర్వాత ఆ అంగట్లో అగ్గిపెట్టె కూడా కొనలేదు.

వారం తర్వాత స్టేషనుకు పిలిచారు.

"కుప్పంలో మీ మీద కేసు ఉండాదంట గద సారూ," అన్నాడు కానిస్టేబుల్.

"నా మీద కాదు. నేను పెట్టిన కేసు."

"మీరు పెట్టింది వేరే, మీ మీద పెట్టింది వేరే. ఆ కేసు పెట్టినాయప్ప కుప్పం స్టేషన్లో రాజీ అని సంతకం పెడితేనే మీకు సర్టిఫికెట్."

తొంభైల్లో నేను కుప్పంలో పనిచేశాను. అద్దె ఇంటి పక్కనే గ్రానైట్ రాళ్లు కోసే ఫ్యాక్టరీ. రాతిపొడి కలిసిన తెల్లటి నీళ్లు మా గడప దాకా వచ్చేవి. నేను పోలీసులకు ఫిర్యాదు చేశాను. మరునాడే ఆ యజమాని, నేను అతని కూలీ మీద రాయి విసిరానని ఎదురు ఫిర్యాదు ఇచ్చాడు. ఎస్సై ఇద్దర్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి, "ఇరుగుపొరుగు, పోయి కలిసుండండప్పా," అని పంపేశాడు. అంతటితో తీరిపోయిందనుకున్నాను. రాయి నేను విసరలేదు. ఇప్పటికీ ఎవరడిగినా చెబుతాను.

మళ్లీ అతని గడప తొక్కడమంటే ప్రాణం పోయినట్టుంది. తొక్కకపోతే ఉద్యోగం పోతుంది. కుప్పం పోయే బస్సు పలమనేరు దాటేలోపు అతనికి చెప్పవలసిన మాటలు ఎన్ని విధాలుగానో కూర్చుకున్నాను. ఒక్కదాంట్లోనూ నేను తగ్గలేదు.

"రండి సారూ, కూసోండి. యా ఊరు మీది?" అన్నాడతను. నన్ను గుర్తే పట్టలేదు.

కేసు సంగతి చెప్పాను. తల గోక్కున్నాడు.

"మీ మీద నేను కేసు పెడితినా? ఉండొచ్చులే. నీళ్లకాడ అప్పుట్లో ఊరంతా నాతో కొట్లాటే గదా."

ఇన్నేళ్లు నేను నిద్రలో కూడా జవాబు చెప్పుకున్న మనిషికి నేను గుర్తే లేను. టీ తెప్పించాడు. తాగనన్నాను. తన స్కూటరు మీదే స్టేషనుకు తీసుకెళ్లాడు. మా ఇద్దరి మధ్య నా సంచి పెట్టుకుని కూర్చున్నాను. దారిలో కొంచెం తల తిప్పి అడిగాడు:

"ఇంతకీ సారూ, ఆ రాయి మీరేనా ఏసింది?"

స్టేషను వచ్చేదాకా జవాబు చెబుతూనే ఉన్నాను. అతను నవ్వుతూ సంతకం పెట్టాడు.

నెలాఖరున సీలు వేసిన కవరు కరస్పాండెంటు చేతికిచ్చాను. విప్పకుండా సొరుగులో పడేశాడు. నేను కదల్లేదు.

"ఇంకేం సారూ?"

"వ్యాను నడిపే మీ బావమరిది సర్టిఫికెట్ తెచ్చినాడా?"

"ఆయప్ప మా ఇంటోడు. మాకు తెలీదా?"

"నా గురించి కుప్పం దాకా అడిగించినారు. పిల్లల్ని ఇళ్లకు చేర్చే మనిషి గురించి మీ ఇంట్లో అడిగితే చాలునా?"

"మీకు క్లాసు ఉండాది గదా, పోండి," అన్నాడు.

పోయాను. సాయంత్రం అదే మాట మూడోసారి రాసిచ్చి, అందినట్టు సంతకం అడిగాను. పెట్టలేదు. పరీక్షలయ్యాక, వచ్చే ఏడాదికి వేరే లెక్కల మాస్టరును చూసుకున్నామని అటెండరుతో చెప్పించాడు. నా సర్టిఫికెట్ నాకు ఇమ్మన్నాను. అటెండరు తెచ్చిచ్చాడు. కవరు సీలు వేసింది వేసినట్టే ఉంది.